మొదటి విల్లు కొనేటప్పుడు: బార కొలత నుంచి బాణం పొడవు దాకా

"అన్నా, దుప్పి వేటకు మొదటిసారి క్రాస్‌బో తీసుకుందామనుకుంటున్నా. ఏది మంచిగుంటది?"

నెలకు ఒకరైనా నాకు ఈ మెసేజ్ పెడతారు. ఎక్కువగా హనుమకొండ, ములుగు, మంచిర్యాల వైపు కుర్రాళ్లు. అమెరికా వాళ్ల వీడియోలు చూసి అడుగుతారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో దుప్పి వేటకు ఒక సీజన్, లైసెన్సు ఉంటాయి. నారి లాగడానికి 150 నుంచి 200 పౌండ్ల బలం పట్టే, తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి వేసే క్రాస్‌బోలు షాపుల్లో వరసగా పెట్టి ఉంటాయి. ఆ వీడియోలో చెప్పేది ఆ ఊరికి నిజమే. మన ఊరికి పనికిరాదు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. చుక్కల దుప్పి, సాంబారు, కృష్ణజింక, మనుబోతు, దేన్ని వేటాడినా నేరమే. చంపడమే కాదు, చంపబోవడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూల్ (చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా) జంతువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఇంకో మాట చాలామందికి తెలియదు. ఆ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు, విల్లంబులు కూడా అందులో ఉన్నాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోవడమే తప్పు. కాబట్టి పాకాల చెరువుకు పిక్నిక్ పోయినా, తాడ్వాయి మీదుగా మేడారం పోయినా, కవ్వాల్ వైపు పోయినా (మూడూ అభయారణ్యాలున్న దారులే) విల్లు బండి మీద పెట్టుకోవద్దు. ఇంట్లోనే ఉంచండి. "పంది చేను తొక్కుతోంది, దానికైనా..." అని అడిగే రైతన్నలకూ ఇదే జవాబు. అటవీశాఖకు అర్జీ పెట్టండి, సొంతంగా బాణం వేయకండి.

మరి విల్లు మీద మనసు పడ్డవాళ్లు ఏం చేయాలి? గురి బోర్డు మీద వేయాలి. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో కాంపౌండ్ విల్లుతో అండర్-21 ప్రపంచ విజేత అయ్యింది. మన పక్క జిల్లానే. ఆ దారిలో మొదటి విల్లు ఎలా కొనాలో కింద రాస్తున్నా.

క్రాస్‌బో సంగతి ఇక్కడే తేల్చేద్దాం. గురి కోసమైనా అది మొదటి విల్లుగా వద్దు. స్కూల్ గేమ్స్‌లో ఉన్నవి ఇండియన్ రౌండ్ (వెదురు విల్లుతో ఆడేది), రికర్వ్, కాంపౌండ్, అంతే; ఇవేంటో కింద చెప్తాను. క్రాస్‌బోతో ఎంత నేర్చుకున్నా ఈ పోటీల్లో నిలబడే చోటు ఉండదు. పైగా నారి పోయే దారిలో బొటనవేలు పెడితే వేలు మిగలదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- టైలర్ టేపు, గోడ, పక్కన ఒక మనిషి
- సామాను తూచే కొక్కెం కాంటా (గ్యాస్ సిలిండర్ తూచేది కాదు, చిన్న డిజిటల్‌ది)
- కొంచెం దూది
- చేతికి ఆర్మ్ గార్డ్, వేళ్లకు ఫింగర్ ట్యాబ్
- నారి ఎక్కించే స్ట్రింగర్ తాడు
- ఒకే రకం బాణాలు ఆరు
- గురి బోర్డు, దాని వెనక మట్టి కట్ట లేదా కిటికీలు లేని గోడ

చేతిలో పది రూపాయలుంటే ఆరు విల్లుకు, నాలుగు బాణాలకూ మిగతావాటికీ. పది రూపాయలూ విల్లు మీదే పెట్టి, ఎవరివో పాత బాణాలు అడుక్కుని వేసేవాళ్లను చాలామందిని చూశాను. బాణం సరిపోకపోతే ఎంత మంచి విల్లైనా కట్టెతో సమానం.

1. ఏ రకం విల్లో తేల్చుకోండి

వెదురు విల్లు: ఇండియన్ రౌండ్ పోటీలు దీనితోనే. ధర తక్కువ, మరమ్మతు సులువు. మన పిల్లలు చాలామంది దీనితోనే మొదలుపెడతారు. దీపికా కుమారి కూడా వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది.

రికర్వ్: ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుంచి వేసేది ఇదే. మధ్యలో పట్టుకునే భాగం రైజర్, పైనా కిందా బిగించే రెండు రెక్కలు లింబ్స్. మూడు ముక్కలుగా విడదీసే విల్లే తీసుకోండి. బలం పెరిగాక లింబ్స్ ఒక్కటే మార్చుకోవచ్చు, రైజర్ అదే ఉంటుంది.

కాంపౌండ్: చక్రాలుంటాయి. పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువు ఒక్కసారిగా తగ్గుతుంది. 75 శాతం తగ్గే విల్లైతే, 40 పౌండ్లది కూడా చివర్లో 10 పౌండ్లే పట్టుకున్నట్టు ఉంటుంది. వినడానికి బాగుంది కదా? కానీ లాగే పొడవు చక్రం దగ్గరే ఫిక్స్ అయి ఉంటుంది. ఎదిగే పిల్లలకు మళ్లీ మళ్లీ మార్పించాలి. నారి మార్చాలంటే ప్రెస్ మెషిన్ కావాలి. దగ్గరలో కోచ్ ఉంటేనే దీని జోలికి పోండి.

కోచ్ లేకుండా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు మూడు ముక్కల రికర్వ్‌కే. డబ్బు ఇబ్బందైతే వెదురు విల్లు, దానికి నామోషీ ఏమీ లేదు.

2. మీది ఏ కన్నో చూడండి

ఏ చేతితో రాస్తారన్నది కాదు, గురి చూసేటప్పుడు ఏ కన్ను ముందుంటుందన్నది ముఖ్యం. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడండి. రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం సందులోనే ఉంటే మీది కుడి కన్ను. పక్కకు జరిగిపోతే ఎడమ కన్ను.

కుడి కన్ను వాళ్లు కుడి చేత్తో నారి లాగి, ఎడమ చేత్తో విల్లు పట్టుకునే కుడివాటం విల్లు తీసుకోవాలి. ఎడమ కన్ను వాళ్లకు ఎడమవాటం. వెదురు విల్లు చాలావరకు ఎటైనా నడుస్తుంది కానీ రికర్వ్ రైజర్ అలా కాదు, మళ్లీ కొనాల్సిందే.

3. బార కొలవండి

మన పెద్దవాళ్లు బావి లోతు కొలిచిన బారే. గోడకు వీపు ఆనించి రెండు చేతులూ భుజాల ఎత్తులో బారచాపండి. ఒక నడివేలి చివర నుంచి ఇంకో నడివేలి చివర దాకా పక్కమనిషి టేపు పట్టాలి. ఆ కొలతను 2.5తో భాగించండి. అదే మీరు నారి లాగే పొడవు, డ్రా లెంగ్త్ అంటారు.

బార 165 సెంటీమీటర్లు అనుకుందాం. 66 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 26 అంగుళాలు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఒక్కరే కొలుచుకుంటారు. టేపు జారి రెండు అంగుళాలు తేడా వస్తుంది. ఇంకో తప్పు, ఛాతీ విరుచుకుని చేతులు సాగదీస్తారు. మామూలుగా నిలబడండి. మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చింది రాసుకోండి.

4. విల్లు పొడవు

24–26 అంగుళాలు లాగేవాళ్లకు 64 లేదా 66 అంగుళాల విల్లు. 26–28 అయితే 66 లేదా 68. 28 దాటితే 68 లేదా 70. రెంటి మధ్య ఊగుతుంటే పొడుగుదే తీసుకోండి, వేళ్ల మీద నారి నొక్కడం తగ్గుతుంది.

5. బరువు (విల్లు తూకం కాదు, నారి లాగడానికి పట్టే బలం): అందరూ బోల్తా పడేది ఇక్కడే

నేనూ పడ్డాను. మొదటి విల్లు కొనడానికి పోయినప్పుడు షాపాయన, "మగ పిలగానివి, ఇంతకన్నా తక్కువేంది" అని 38 పౌండ్లది చేతిలో పెట్టాడు. అక్కడ రెండుసార్లు లాగి చూపించాను కూడా, అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి వారం రోజులు వేశాక కుడి భుజం లేవలేదు. చొక్కా తొడుక్కోవాలన్నా తిప్పలే. మూడు నెలలు మానేసి, మళ్లీ 22 పౌండ్లతో మొదలుపెట్టాను. ఆ 38 పౌండ్ల లింబ్స్ ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

ఒక్కసారి లాగడం వేరు, రోజంతా లాగడం వేరు. పోటీలో ర్యాంకింగ్ రౌండ్ అంటే 72 బాణాలు. 24 పౌండ్ల విల్లైతే ఒక్కో బాణానికి దాదాపు 11 కిలోలు. 72 సార్లు లాగితే 780 కిలోలు దాటుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో నలభై కిలోల మిర్చి బస్తాలు ఇరవై ఎత్తి దించినట్టు, అదీ మూడు వేళ్లతో.

మొదలుపెట్టడానికి నేను చెప్పే లెక్క ఇది:

- 10–12 ఏళ్ల పిల్లలు: 12 నుంచి 16 పౌండ్లు
- 13–16 ఏళ్లు: 16 నుంచి 20
- పెద్ద ఆడవాళ్లు: 18 నుంచి 22
- పెద్ద మగవాళ్లు: 22 నుంచి 26. జిమ్‌కు పోయేవాళ్లకూ ఇదే. జిమ్ కండ వేరు, విల్లు లాగే వీపు కండ వేరు.

లింబ్ మీద రాసిన అంకె 28 అంగుళాలు లాగితే వచ్చే బరువు. మీరు తక్కువ లాగితే అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. 24 అని రాసిన విల్లును 26 అంగుళాలే లాగేవాళ్లకు చేతికి అందేది 20 పౌండ్ల చుట్టూ.

అనుమానముంటే కొక్కెం కాంటా తీయండి. నారి మధ్యలో కొక్కెం తగిలించి, మీ డ్రా లెంగ్త్ దాకా లాగి, అంకె చూడండి. కిలోలను 2.2తో గుణిస్తే పౌండ్లు. లాగేటప్పుడు ముఖం నారికి పక్కగా ఉంచండి, కొక్కెం జారితే పళ్లు పోతాయి. వదిలేయకుండా నిదానంగా వెనక్కి తేవాలి. వెదురు విల్లు మీద అంకెలుండవు కాబట్టి దానికి ఈ పద్ధతే దిక్కు.

బరువు సరిపోయిందా? పూర్తిగా లాగి, గడ్డం కింద చెయ్యి ఆనించి, పది అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి వణికితే, భుజం చెవి దగ్గరికి లేస్తే, నడుము వెనక్కి వంగితే బరువు ఎక్కువ. రెండు పౌండ్లు తగ్గించండి. విల్లును ఆకాశం వైపు ఎత్తి లాగితే తప్ప రావడం లేదంటే నాలుగు తగ్గించండి.

6. విల్లును తడిమి చూడండి

కొత్తదైనా చూడాలి, సెకండ్ హ్యాండ్ అయితే తప్పక చూడాలి. దూది ముక్క తీసుకుని రెండు లింబ్స్ అంచుల వెంట పైనుంచి కిందికి మెల్లగా లాగండి. కంటికి కనపడని పగులు దగ్గర దూది పోగు చిక్కుకుంటుంది. ఒక్క పోగు చిక్కినా ఆ లింబ్ వద్దు. బేరం తగ్గించినా వద్దు. అది విరిగేది మీరు పూర్తిగా లాగినప్పుడే, ముఖం పక్కనే.

తర్వాత నారి ఎక్కించి, విల్లును కుర్చీ వీపుకు ఆనించి, వెనక నుంచి ఒంటికన్నుతో చూడండి. నారి పై లింబ్, రైజర్, కింది లింబ్, మూడింటి నడిమధ్య నుంచి పోవాలి. పక్కకు పోతే లింబ్ మెలితిరిగింది. చాలాసార్లు కారణం ఏమిటంటే, పాత ఓనరు స్ట్రింగర్ లేకుండా విల్లును కాళ్ల మధ్య పెట్టి వంచి ఉంటాడు. వెదురు విల్లుకైతే పొడవునా చీలిక ఉందా, పురుగు కొట్టిన రంధ్రాలున్నాయా చూడండి. వేలితో గీరితే పొడి రాలితే వదిలేయండి.

నారి సంగతి: చెక్క, వెదురు, చవక లింబ్స్‌కు డాక్రాన్ నారి వాడండి. ఫాస్ట్‌ఫ్లైట్ రకం నారి సాగదు, దాని దెబ్బంతా లింబ్ కొనలు తింటాయి. కొనలు గట్టిచేసిన విల్లుకే అది.

7. బాణాలు

పొడవు ముందు. మీ డ్రా లెంగ్త్ కన్నా రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. 26 లాగేవాళ్లకు 28 అంగుళాల బాణం. పొట్టి బాణం ఎందుకు ప్రమాదమంటే, పూర్తిగా లాగినప్పుడు ములికి రెస్ట్ (రైజర్ మీద బాణం ఆనే చోటు) దాటి వెనక్కి వచ్చి విల్లు పట్టుకున్న చేతి మీద కూర్చుంటుంది. వదిలితే చేతిలోకే దిగుతుంది. పిల్లలు ఎదుగుతారు, కాబట్టి మూడు నెలలకోసారి చూడాలి. పూర్తిగా లాగించి, ములికి రైజర్ ముందు కనీసం అంగుళం బయట ఉందో లేదో పక్కనుంచి చూడండి.

తర్వాత గట్టిదనం, స్పైన్ అంటారు. ఈ అంకె తిరకాసుగా ఉంటుంది. అంకె పెద్దదైతే బాణం మెత్తన, చిన్నదైతే గట్టి. 20–24 పౌండ్ల విల్లుకు, 28 అంగుళాల బాణానికి 900–1000 దగ్గర చూడండి. ఇంకా తేలిక విల్లుకు ఇంకా పెద్ద అంకె. వేటకు అమ్మే 400, 500 అంకెల బాణాలు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి, కానీ అవి మీ విల్లుకు ఇనుప చువ్వల్లాంటివి.

ఆరు బాణాలూ ఒకే పొడవు, ఒకే స్పైన్, ఒకే ములికి ఉండాలి. మూడు రకాలు కలిపితే తప్పు చేతిదో బాణానిదో ఎప్పటికీ తేలదు. అల్యూమినియం వంగితే కంటికి కనపడుతుంది. కార్బన్ కనపడదు, అందుకే వేసే ముందు ప్రతిసారీ రెండు చివరలూ పట్టుకుని కొంచెం వంచి, తిప్పుతూ చెవి పెట్టి వినండి. చిటపటమన్నా, గోరుకు పగులు తగిలినా విరిచి పారేయండి. పగిలిన కార్బన్ బాణం వదిలినప్పుడు చీలి అరచేతిలో గుచ్చుకుంటుంది.

ఇంకో మాట, వానాకాలం వేసేవాళ్లు ప్లాస్టిక్ ఈకలు తీసుకోండి. పక్షి ఈకలు తడిస్తే అతుక్కుపోతాయి.

8. నారి ఎక్కించి, ఎత్తు సరిచూడండి

స్ట్రింగర్ తాడు కొనల్లో తొడిగి, మధ్యలో కాలితో తొక్కి, రైజర్ పైకి లాగితే లింబ్స్ రెండూ సమానంగా వంగుతాయి. అప్పుడు నారి కొక్కేల్లోకి జరపండి. రెండు కొనల్లోనూ నారి గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమాకే కాలు తీయాలి.

ఇప్పుడు రైజర్ పట్టుకునే చోటి నుంచి నారి దాకా దూరం కొలవండి, నారి ఎత్తు అంటే ఇదే. 68 అంగుళాల విల్లుకు ఎనిమిదింపావు నుంచి తొమ్మిది మధ్య ఉండాలి. టేపు లేకపోతే జానెడు లేదా ఇసుమంత తక్కువ. తక్కువుంటే నారిని విప్పి నాలుగు మెలికలు ఎక్కువ తిప్పండి, ఎక్కువుంటే తగ్గించండి. ఎత్తు తక్కువైన విల్లు మణికట్టు మీద చరుస్తుంది. మణికట్టు మీద నల్లమచ్చలతో వచ్చేవాళ్లలో సగం మందికి ఆర్మ్ గార్డ్ సమస్య కాదు, ఇదే.

నారి మీద బాణం పెట్టే గుర్తు, రెస్ట్‌కు సమంగా గీసిన గీత కన్నా ఓ సెంటీమీటరు పైన ఉండాలి. మూడు ఈకల్లో రంగు వేరుగా ఉన్నది విల్లుకు దూరంగా, బయటివైపు ఉండాలి.

ఒట్టి నారి లాగి వదలకండి. బాణం లేకుండా వదిలితే ఆ శక్తంతా లింబ్స్‌లోనే పగులుతుంది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు విల్లు దాచేయండి. "ఏదీ, ఒకసారి చూద్దాం" అని మా బామ్మర్ది ఒక్కసారి లాగి వదిలాడు, వెదురు విల్లు నడిమికి చీలింది. పాపం ఆయనది కాదు తప్పు, చెప్పకపోవడం నాది.

9. చోటు

మేడ మీద వద్దు. 20 పౌండ్ల విల్లును పైకెత్తి వదిలినా బాణం వంద మీటర్లు దాటి పోగలదు. ఊరి బయట, వెనక మట్టి కట్ట ఉన్న చోటు చూడండి. ఎండిన చెరువు కట్ట లోపలివైపు మంచి చోటే, కాకపోతే కట్ట మీద ఎవరూ నడవకుండా ఒక మనిషిని నిలబెట్టాలి. చెట్టుకు వేయకండి, బాణం ఎగిరి తిరిగొస్తుంది, లేకపోతే దిగి రాదు.

గురి బోర్డుకు పాత సిమెంటు సంచిలో టైలర్ షాపు గుడ్డపేలికలు దట్టంగా కూరి కుట్టేయండి. తేలిక విల్లుకు చక్కగా ఆగుతుంది. వరిగడ్డి మోపును తాళ్లతో బిగించినా సరే, కానీ నేల మీద పెడితే నెలలో చెదలు పడుతుంది. రెండు ఇటుకల మీద ఎత్తండి. బాణం పీకేటప్పుడు వెనక ఎవరూ నిలబడొద్దు.

10. సరైన విల్లే కొన్నారా? నెల తర్వాత ఇలా చూడండి

మొదటి వారం ఐదు మీటర్ల నుంచే. నవ్వేవాళ్లు నవ్వనీయండి. రెండో వారం నుంచి పది మీటర్లు. నెలాఖరున ముప్పై బాణాలు వేసి, మొదటి ఆరూ చివరి ఆరూ ఫోటో తీసుకోండి.

చివరి ఆరు మొదటి ఆరంత దగ్గరగానే పడితే బరువు సరిపోయింది. చివరివి చెదిరి కిందికి జారితే బరువు ఎక్కువ. బాణాలు ఒకే నిలువు గీతలో పైకీ కిందికీ చెదిరితే లాగే పొడవు ఒక్కోసారి ఒక్కోలా ఉంది, నారి ప్రతిసారీ గడ్డం మీద ఒకే చోట ఆనడం లేదు. అన్నీ ఒక్కచోటే పడి ఆ చోటు మాత్రం మధ్యకు దూరంగా ఉంటే మీరు బాగా వేస్తున్నట్టే, గురి గుర్తు జరిపితే చాలు. కొత్తవాళ్లు దీన్నే చూసి దిగులు పడతారు.

బాణం గట్టిదనం మీద అనుమానం ఇంకా ఉంటే, ఒక బాణానికి ఈకలు తీసేసి మిగతావాటితో కలిపి వేయండి. కుడివాటం వాళ్లకు ఈకల్లేని బాణం ఎడమకు పడితే బాణం గట్టి, కుడికి పడితే మెత్తన. ఇది చేతికి కాస్త నిలకడ వచ్చాకే, మొదటి నెలలో కాదు.

మూడు నాలుగు నెలలు వారానికి మూడుసార్లు వేసి, ముప్పై బాణాలూ తేలిగ్గా అనిపిస్తే రెండు పౌండ్లు పెంచండి. ఒకేసారి ఎనిమిది, పది పెంచి నా దగ్గరికి భుజం పట్టుకుని రావద్దు.

ఎండాకాలం

వరంగల్ మే ఎండలో తలుపులేసిన కారులో విల్లు వదిలేస్తే లింబ్స్ పొరలను పట్టి ఉంచే జిగురు వదులుతుంది. డిక్కీలో మరీ ఘోరం. పని అయ్యాక నారి విప్పి, లింబ్స్ తీసి, గుడ్డ సంచిలో చుట్టి, వంటగదికి దూరంగా పడుకోబెట్టండి. వెదురు విల్లును గోడకు వాల్చకండి, వంపు తిరుగుతుంది. తాడ్వాయి దగ్గర ఒక కోయ పెద్దాయన ఇంట్లో చూశాను, చూరు కింద రెండు కొయ్యల మీద అడ్డంగా, నారి సడలించిన విల్లు. ఎన్నేళ్లదని అడిగితే, "మా నాయనది" అన్నాడు.